టైపే కదా!

మొన్న మనవరాలి పెండ్లి కార్డు అచ్చు వేయించడానికి కరీంనగర్‌లో ఓ డి.టి.పి. సెంటరుకు వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి నా కాగితం చూసి, "అమ్మా, ఆ తారీఖు గురువారమస్తది. మీరు శుక్రవారమని రాసిండ్రు" అంది. నా గుండె ఝల్లుమంది! ఆ తప్పు దిద్ది, రెండు వైపుల పెద్దల పేర్లూ పొందికగా అమర్చి, అరగంటలో ప్రూఫు చేతిలో పెట్టింది. తీరా డబ్బు దగ్గర నేనన్న మాటేమిటో తెలుసా? "టైపే కదమ్మా, ఇంత అడుగుతావేం?" అని యాభై రూపాయలు తగ్గించి ఇచ్చాను.

ఇంటికొచ్చాక ఆ మాట నన్నే గుచ్చింది.

1978లో మా చెల్లెలి పెండ్లి కార్డు కూడా ఈ ఊళ్ళోనే వేయించాం. కంపోజిటరు నిలబడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే సీసపు అక్షరాలను కేసులోంచి ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చాడు. గుణింతాలూ ఒత్తులూ ఎన్ని గళ్ళో! అన్నీ ఆయన వేళ్ళకు తెలుసు. ఆయన్ని "సారూ" అన్నాం. బేరమాడలేదు. పక్కనే నేలమీద కూర్చుని కాగితాలు మడిచే ఆడవాళ్ళను మాత్రం ఎవరం పలకరించలేదు.

తర్వాత సీసం పోయి కంప్యూటరు వచ్చింది. ఆ కంపోజిటరు వంటి వాళ్ళ బతుకుతెరువు పోయింది. అదేం చిన్న దుఃఖం కాదు. కానీ ఒత్తు ఎక్కడ పడాలో, వరుస ఎక్కడ ఆగాలో చూసే కన్ను ఇప్పటికీ కావాలి. ఆ కన్ను ఈ అమ్మాయికుంది. "సారూ" అన్నప్పటి గౌరవమే ఆమె దాకా రాలేదు.

ఇది మన ఊరి వింతే కాదు. లండన్ పత్రికల కంపోజిటర్ల మీద సింథియా కాక్‌బర్న్ 1983లో "బ్రదర్స్" అనే పుస్తకం రాసింది. సీసం వదిలి టైపు మీటల ముందు కూర్చోవలసి వస్తే ఆ మగవాళ్ళకు అది ఆడవాళ్ళ పనిలా, నామోషీగా తోచిందట.

అంతదూరం ఎందుకు? మన సిరిసిల్లలో చేతిమగ్గాల చోట మరమగ్గాలు వచ్చాయి. అయినా మగ్గం దగ్గర మగవాడే, కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. కండె లేనిదే బట్ట లేదు గదా! అయినా నేత విద్య అన్న పేరు మగ్గానికే.

మగవాడు చేస్తే విద్య, ఆడది చేస్తే అలవాటు! "వంటే కదా" అన్న మాట పడి ఎన్నిసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకున్నామో మనకు తెలుసు. అదే మాట ఇంకో ఆడపిల్లతో ఎంత సులువుగా అనేశాను!

కార్డులు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ యాభై రూపాయలూ చేతిలో పెట్టాను. "ఇదెందుకమ్మా?" అంది.

"గురువారానికి" అన్నాను.