శాసనరక్షణము - ప్రజాధర్మము

తాను దానము చేయుటకంటె పరులు చేసిన దానమును కాపాడుట రెండింతలు పుణ్యమని ప్రాచీన శాసనముల తుదిని వ్రాయుట ఆచారము. దానిని హరించినవారు అరువదివేల యేండ్లు పురుగులై పుట్టుదురని శాపము గూడ చేర్చుచుండిరి. ఈ మాటలు దాతలు ఎవరికొరకు చెక్కించిరి? తమ కాలపు అధికారులకొరకు మాత్రమే కాదు, రాబోవు తరములవారికొరకు. పురావస్తువులను కాపాడు భారము ప్రభుత్వశాఖదా, ఊరివారిదా యను ప్రశ్నకు శాసనకర్తలే ఏనాడో సమాధానము చెప్పియుంచిరి.

గుంటూరు జిల్లా మల్కాపురమున క్రీ.శ. 1261 నాటి శాసనమొకటి కలదు. కాకతి రుద్రమదేవి మందడ గ్రామమును గోళకీ మఠాచార్యుడగు విశ్వేశ్వర శివాచార్యునికి ఇచ్చినట్లును, ఆయన అచట మఠము, విద్యాలయము, అన్నసత్రము, వైద్యశాల, ప్రసూతిశాల నెలకొల్పినట్లును అందు కలదు. ఆ సత్రమున కులభేదము లేక ఎల్లరకు అన్నము పెట్టవలెనట! ఏడువందల యేండ్లకు మునుపే ఒక శైవమఠము ప్రసవించు స్త్రీకి నీడనిచ్చినదని ఆ రాయి లేకున్న ఎవరు నమ్మెదరు?

ఎఱుక లేనిచోట కలుగు నష్టమునకు అమరావతియే సాక్షి. 18వ శతాబ్ది చివర అచట పట్టణము కట్టునప్పుడు దీపాలదిన్నె రాళ్లు కట్టడములకు వాడబడెను. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచెను. పిమ్మట త్రవ్వి తీసిన శిల్పములు పెక్కు మద్రాసు చేరెను. అందు అనేకము 1859లో లండనునకు తరలిపోయెను. రాళ్లు మోసుకొనిపోయిన గ్రామస్థులు దుష్టులు కారు. అవి ఏమో వారికి చెప్పినవారు లేరు.

ఎఱుక కలిగినచోట కలుగు లాభమునకు నాగార్జునకొండ సాక్షి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను బడిపంతులు అచట పురాతన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. శాసనశాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి పరీక్షించెను. తరువాత త్రవ్వకములు సాగెను. కృష్ణపై ఆనకట్ట కట్టినప్పుడు లోయ మునిగిపోయినను, అంతకు మునుపే 1954 మొదలు 1960 వరకు విరివిగా త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికి చేర్చి నిలిపిరి. ఆ ఉపాధ్యాయుడు "నాకేల?" అని ఊరకున్నచో ఆ ఎఱుక ఎంత ఆలస్యమయ్యెడిదో!

అయినను పల్లెవాని భయమును తేలికగా త్రోసివేయరాదు. పొలములో విగ్రహము బయటపడినదని చెప్పిన, ఆ పొలమే పోవునేమో యని అతడు జంకును. పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరికిన కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. కాని ఆ చట్టము ఏల పుట్టెనో అతనికి వివరించువారేరి? గుడిముందు "చెరచినవారు శిక్షార్హులు" అని పలక నాటుట చాలదు. ఆ గుడి కథను ఊరివారికి వారి మాటలలో చెప్పవలెను. బెదిరింపు రాతిని కొన్నాళ్లు కాచును. ఎఱుక తరతరములు కాచును.

స్థావరముకంటె జంగమమే మిన్నయని బసవేశ్వరుని బోధ కదా, రాళ్లపై ఈ మమకారమేల యని కొందఱు శంకింతురు. శాసనమును కాచుట రాతిని పూజించుట కాదు. అందలి మాట దాత సమాజమునకిచ్చిన వాగ్దానము. చదువువాడు లేనిచో రాయి స్థావరమే. చదివి, ఆ అన్నసత్రపు ధర్మమును మరల ఆచరించువాడు కలిగినచో ఆ మాటయే జంగమమై నడచును.

కావున జీర్ణోద్ధరణ తలపెట్టు మఠములును, ధర్మకర్తలును సున్నము పూయుటకు ముందు, నేల పరచుటకు ముందు, ఆ రాళ్లను ఒకసారి పరికింపవలెను. అక్షరములు కానవచ్చిన, చదువగలవారిని పిలిపించి, తడి కాగితముపై అచ్చు తీయింపవలెను. జాతరనాడు ఊరందఱి యెదుట దాని భావము చదివింపవలెను. ఉపాధ్యాయులు పిల్లలను అచటికి తోడ్కొనిపోయి చూపవలెను. ఇందుకు ధనము పెద్దగా అక్కఱలేదు. పరదత్త పరిపాలనమను పుణ్యము ఇంత సులభముగా దొరకునప్పుడు దానిని విడుచుట వివేకము కాదు.