వెనుకగాలి

ఎదురుగాలిని తిట్టని మనిషి ఉండడు. వెనుకగాలిని మెచ్చుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. ఎందుకంటే, అది వీస్తున్నట్టే మనకు తెలియదు!

మాది సిరిసిల్ల. మా మానేరు వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి వెళ్ళి సముద్రంలో ఎలా కలుస్తుందో చూడాలని నాకెన్నాళ్ళనుంచో కోరిక. 2025 జనవరిలో కాకినాడ మిత్రుడి పాత సైకిలు ఎరువు పుచ్చుకుని బయలుదేరాను. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి. అక్కడ పంటెక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. ఆపైన అమలాపురం, రాజోలు, అంతర్వేది. సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటెక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. పంటంటే రెండు పడవలు జతచేసి పైన చెక్కలు పరిచిన వాహనం. మనుషులు, సైకిళ్ళు, మోటారుబళ్ళు, అన్నీ దానిమీదే.

పోయేటప్పుడు సైకిలు పరుగెత్తిందనుకోండి! అరవై దాటిన నా కాళ్ళలో ఇంత సత్తువ ఉందా అని నాకే ఆశ్చర్యం. నర్సాపురంలో దిగి మా తమ్ముడికి ఫోను చేశాను. వాడికి నాలుగు సాంచెలున్నాయి. "కష్టపడితే కానిదేముందిరా తమ్మీ!" అన్నాను.

"నీకేందే అన్నా, ఒకటో తారీకు పింఛనొస్తది. సాంచ నడవాలంటే ఆర్డరుండాలె గద!" అన్నాడు వాడు.

సాకులు చెబుతున్నాడనుకున్నాను.

మర్నాడు తిరుగుప్రయాణం. అదే దారి, అదే సైకిలు, అవే కాళ్ళు. కానీ సైకిలు కదిలితే ఒట్టు! ఆ నెలల్లో కోస్తామీద గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. వచ్చేటప్పుడు నన్ను నెట్టుకొచ్చిన గాలే ఇప్పుడు గుండెలమీద చెయ్యివేసి ఆపుతోంది. అంటే మొన్న నా కాళ్ళు చేశాయనుకున్న పనిలో సగం గాలి చేసిందన్నమాట. పొగడ్త మాత్రం మొత్తం నేనే కాజేశాను.

అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు నేయించడం మొదలుపెట్టాక మా ఊళ్ళో సాంచెలు రాత్రింబవళ్ళు ఆడాయి. ఆ ఆర్డర్లు ఆగిన 2024లో అవే సాంచెలు మూగబోయాయి. అవే చేతులు, అదే పనితనం. మారింది గాలి.

అయితే మన కష్టానికి విలువే లేదా అని మీరడగవచ్చు. లేకేం! తొక్కనివాణ్ణి ఏ గాలీ అమలాపురం చేర్చదు. తొక్కినందుకు గర్వపడవచ్చు, తప్పులేదు. కానీ తొక్కడం వేరు, వేగం వేరు. తొక్కుడు నాది, వేగంలో గాలికీ వాటా ఉంది. ఎదురుగాలిలో తొక్కుతున్నవాణ్ణి చూసి, వేగం లేదు కనుక తొక్కడం లేదనడం అన్యాయం. నేనేళ్ళ తరబడి చేసింది అదే.

ముక్తేశ్వరం రేవు చేరేసరికి పొద్దుగూకింది. పంటు అప్పుడే కట్టు విప్పుతున్నారు. అరుద్దామంటే గొంతులో తడి లేదు. సరంగు నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"నిదానంగా రండి మాస్టారూ, ఎదురుగాలి గదా! మీరొచ్చేదాకా ఆగుతాం లెండి."

ఆలస్యమెందుకయిందని అడగలేదు. కష్టపడి తొక్కమని సలహా చెప్పలేదు. గాలి ఎటు వీస్తోందో చూశాడు, ఆగాడు. అంతే.

గౌతమి దాటుతూంటే సిగ్గేసింది. నా తమ్ముడి కోసం నేనెప్పుడైనా అలా ఒక్క నిమిషం ఆగానా?

కోటిపల్లిలో దిగి వాడికి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి ఏమీ చెప్పలేదు. "ఎట్లున్నవ్ తమ్మీ?" అని అడిగి, వాడు చెప్పినంతసేపూ విన్నాను.