నలుడిని శిక్షించాలా, వెతకాలా?

పోయిన వారం వీడియోలో నలదమయంతుల కథ చెప్పుకున్నాం కదా. ఆ తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "జూదం ఆడింది నలుడా, ఆయనలో దూరిన కలి పురుషుడా? ఇంతకీ తప్పెవరిది?"

ఇది పాత కథ గురించిన సందేహం మాత్రమే కాదు. ఇవాళ దేశదేశాల్లో చట్టసభలు వాదించుకుంటున్నది కూడా దీని గురించే. హెరాయిన్, కొకైన్ లాంటివి వాడేవాడు నేరస్తుడా, రోగా? జైలుకు పంపాలా, ఆసుపత్రికి పంపాలా?

మనం వాడే మాటలోనే ఒక విశేషం ఉంది. "వ్యసనం" అంటే తెలుగులో వదలని చెడు అలవాటు. సంస్కృతంలో అదే మాటకు "ఆపద" అనే అర్థం కూడా ఉంది. తప్పు, కష్టం రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఈ చర్చలో ఒక పక్షం మొదటి అర్థాన్నే చూస్తుంది, ఇంకో పక్షం రెండోదాన్నే చూస్తుంది.

రెండు చోట్ల ఏం జరిగిందో చూద్దాం.

1990లలో పోర్చుగల్‌ని హెరాయిన్ ఊపేసింది. జనాభాలో దాదాపు నూటికి ఒకరు దాని బారిన పడ్డారని అంచనా. 2001 జులై 1 నుంచి అక్కడ కొత్త చట్టం వచ్చింది. పది రోజుల సొంత వాడకానికి మించకుండా దగ్గర ఉంటే అది క్రిమినల్ నేరం కాదు. అలాగని వదిలేశారా అంటే, లేదు. అమ్మితే జైలే. వాడేవాడు దొరికితే సరుకు తీసేసుకుంటారు, కోర్టుకు బదులు ఒక చిన్న కమిటీ ముందు కూర్చోబెడతారు. చట్టం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్ళు "నీ పరిస్థితేంటి బాబూ" అని మాట్లాడి చికిత్స దారి చూపిస్తారు. ఆ చికిత్సా కేంద్రాలను కూడా అదే సమయంలో విస్తరించారు. ఆ తర్వాతి ఏళ్ళలో డ్రగ్స్ వాడేవాళ్ళలో కొత్త హెచ్ఐవీ కేసులు బాగా తగ్గాయి.

ఇప్పుడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం. పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో, బీవర్టన్‌లలో మన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. 2020 నవంబర్‌లో అక్కడి ఓటర్లు "మెజర్ 110"ని గెలిపించారు. 2021 ఫిబ్రవరి నుంచి కొద్ది మోతాదులో డ్రగ్స్ దగ్గరుంటే 100 డాలర్ల జరిమానా, అంతే. ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆరోగ్య పరీక్ష చేయించుకుంటే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్ళు బహు కొద్దిమంది. చికిత్సకు ఇస్తామన్న డబ్బు ఆలస్యంగా చేరింది. సరిగ్గా అప్పుడే ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మందు వీధుల్లోకి వచ్చిపడింది. కాబట్టి జరిగిన మరణాలన్నీ ఈ చట్టం ఖాతాలో వేయడం న్యాయం కాదు, పరిశోధకులు కూడా దాని మీద ఒక్క మాట మీద లేరు. కానీ జనం ఓపిక అయిపోయింది. 2024 సెప్టెంబర్ 1 నుంచి అది మళ్ళీ నేరమైంది.

రెండు చోట్లా శిక్ష తీసేశారు. మరి తేడా ఎక్కడుంది? పోర్చుగల్‌లో శిక్ష తీసేసి ఆ చోట ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆరెగాన్‌లో ఒక ఫోన్ నంబర్ రాసిన చీటీ ఇచ్చారు.

మళ్ళీ నలుడి దగ్గరికి వద్దాం. రాజ్యం పోయింది, కట్టుబట్టలతో అడవిలో పడ్డాడు. అంతకంటే శిక్ష ఏముంటుంది? ఆ శిక్షతో కలి వదిలాడా? లేదు. పోనీ అడవిలో అడిగేవాడు లేడు, పూర్తి స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛలో ఆయన చేసిన పని, నిద్రపోతున్న భార్యని వదిలి వెళ్ళిపోవడం. శిక్షా బాగు చేయలేదు, స్వేచ్ఛా బాగు చేయలేదు. దమయంతి ఊరూరా మనుషుల్ని పంపి వెతికించింది. ఋతుపర్ణుడు అక్షహృదయం అనే విద్య నేర్పాడు. అప్పుడు కలి బయటికొచ్చాడు.

మీలో కొందరు అంటారు: "నా శరీరం, నా ఇష్టం. ప్రభుత్వానికి ఏం పని?" మంచి ప్రశ్నే. కానీ ఇష్టపడే శక్తినే మింగేసే వస్తువు విషయంలో ఈ వాదన నిలబడదు. ద్వారం దగ్గర ప్రజలు, మంత్రులు నిలబడి బతిమాలుతున్నా నలుడు పాచికలు వదల్లేదు. అక్కడ ఆయన ఇష్టం ఎంత మిగిలింది? ఇంకొందరు అంటారు: "భయం లేకపోతే కొత్తవాళ్ళు మొదలుపెడతారు." ఇదీ కొట్టిపారేసే మాట కాదు. అయితే మొదటిసారి ముట్టుకోకుండా ఆపే ఆ భయమే, ఇరుక్కుపోయినవాడు సహాయం అడగకుండా కూడా ఆపుతుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మేవాడికి దండన ఉండాల్సిందే. వాడి ఇరుక్కున్నవాడిని జైల్లో వేయడం ధర్మం కాదు. కానీ చేయి పట్టుకునే ఏర్పాటు లేకుండా చట్టం మాత్రం తీసేసి, దానికి కరుణ అని పేరు పెట్టడం కూడా ధర్మం కాదు.

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం వాడటం నేరమే. కొకైన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది దాకా జైలు. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వ్యసనానికి లోనైనవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే, వాడకం లేదా కొద్ది మోతాదు కేసులో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో చికిత్స మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అంటే తలుపు కొంచెం తెరిచే ఉంది. కేసు భయంతో, పరువు భయంతో దాచుకునే కుటుంబాలకు ఈ తలుపు సంగతి తెలియాలి.

చట్టం మారేది ఎప్పుడో మన చేతుల్లో లేదు. మీ హాస్టల్ గదిలో, మీ ఆఫీస్ టీమ్‌లో ఒకడు నెమ్మదిగా అందరికీ దూరమైపోతుంటే "వాడంతే" అనేసి వదలకండి. పక్కన కూర్చోండి. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. నంబర్ పంపి ఊరుకోవద్దు, పక్కనుండి మీరే కలిపి ఇవ్వండి. దమయంతి చేసింది అదే కదా.

అందరికీ మంచి జరగాలి. శుభం.