దేహం కూడా అమానతే

 

పొరుగింటాయన హజ్ యాత్రకు వెళ్తూ ఇంటి తాళాలు మన చేతిలో పెట్టి వెళితే, ఆయన తిరిగి వచ్చేదాకా మనకు నిశ్చింత ఉండదు. పరుల సొమ్ము మన దగ్గర అమానతుగా ఉన్నప్పుడు దాన్ని మన సొమ్ముకన్నా భద్రంగా చూసుకుంటాం. మరి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు సంగతి ఏమిటి? కళ్ళు, ఊపిరితిత్తులు, గుండె, వెన్నెముక, వీటన్నిటిని నడిపించే మనసు - ఇవేవీ మనం సంపాదించుకున్నవి కావు. అడగకుండానే ఇచ్చాడు. ఒకనాడు లెక్క అడుగుతాడు. ప్రళయదినాన దాసుడు తన ఆయుష్షును దేనిలో గడిపాడో, తన జ్ఞానాన్ని ఎలా ఆచరించాడో, ధనాన్ని ఎలా ఆర్జించి ఎక్కడ ఖర్చు చేశాడో, తన దేహాన్ని ఏ పనుల్లో అరగదీశాడో చెప్పుకోనిదే అడుగు కదపలేడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ).

ఈ హెచ్చరిక అందరికీ వర్తిస్తుంది. అయితే రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గు బావుల ఊళ్ళలో ఉండే కుటుంబాలు దీన్ని మరింత శ్రద్ధగా వినాలి. ఎందుకంటే ఇక్కడ ఇంటికి అన్నం తెచ్చేది దేహమే. ఆ దేహాన్నే ధూళి, వేడి, నిద్రలేమి, భయం ప్రతి రోజూ కొంచెం కొంచెం తింటూ ఉంటాయి.

సల్మాన్ (రజి) నేర్పిన పాఠం

హిజ్రత్ తర్వాత దైవప్రవక్త (స) తన సహచరుల మధ్య సోదర బంధాలు ఏర్పరచారు. అలా హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) సోదరులయ్యారు. ఒకరోజు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్ళారు. అబూ దర్దా భార్య మాసిన బట్టలతో, ఏ అలంకరణా లేకుండా కనిపించారు. కారణం అడిగితే, తన భర్తకు ఈ లోకపు విషయాల మీద ధ్యాసే లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) అతిథికి భోజనం వడ్డించి, తాను మాత్రం రోజాలో ఉన్నానన్నారు. ఆయన తినకపోతే తానూ ముద్ద ముట్టనని సల్మాన్ (రజి) పట్టుబట్టి తినిపించారు. (అది నఫిల్ రోజా అని గ్రహించాలి.) రాత్రి అబూ దర్దా (రజి) నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత అసలు మాట చెప్పారు: ప్రభువుకు నీ మీద హక్కుంది, నీ ప్రాణానికి నీ మీద హక్కుంది, నీ ఇంటివారికి నీ మీద హక్కుంది, ఎవరి హక్కు వారికి చెల్లించాలి అని. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ సత్యం పలికాడని ధ్రువీకరించారు (బుఖారీ).

గమనించండి. సల్మాన్ (రజి) తన సోదరుణ్ణి ఆరాధన మానమనలేదు. తహజ్జుద్ వేళకు తానే లేపారు. ఆయన నేర్పింది లెక్క. ఒకరి వాటా లాక్కొని మరొకరికి పంచడం దాతృత్వం కాదు, అన్యాయం. అబూ దర్దా (రజి) ఆరాధన కోసం దేహపు వాటాను, భార్య వాటాను తగ్గించారు. ఆయనకే ఈ దిద్దుబాటు అవసరమైందంటే, కేవలం డబ్బు కోసం, ఫోను కోసం, కాలక్షేపం కోసం ఆ వాటాలు మింగేస్తున్న మన సంగతేమిటి?

నిద్ర హక్కు

బావి మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. ఈ వారం మొదటి షిఫ్టు, మరో వారం రెండో షిఫ్టు, ఆ పై నైట్ షిఫ్టు. శరీరం ఒక పద్ధతికి అలవాటు పడే లోపే పద్ధతి మారిపోతుంది. రాత్రిని కప్పుగా, పగటిని జీవనోపాధికి సమయంగా, నిద్రను విశ్రాంతిగా చేశానని అల్లాహ్ ‘నబా’ సూరాలో గుర్తు చేస్తున్నాడు. ఉపాధి కోసం ఆ క్రమాన్ని తారుమారు చేసుకోక తప్పనివాడు పాపి కాదు. హలాల్ సంపాదన కోసం శ్రమించేవాడికి పుణ్యం ఉంది. కాని రాత్రి పోగొట్టుకున్న నిద్రను పగలు తిరిగి చెల్లించడం అతని బాధ్యత. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఏళ్ళ తరబడి నిద్ర తక్కువైతే రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది.

నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కొందరు చాయ్ హోటల్ దగ్గర గంటసేపు కబుర్లాడి, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసి మళ్ళీ డ్యూటీకి పోతారు. పైగా ఆదివారం ప్లే డే దొరికితే వదలరు. రెట్టింపు జీతం వస్తుంది నిజమే. అయితే ఆ ఆదివారం ఎవరిది? దేహానిది, పిల్లలది. అవసరానికి ఒకటి రెండు చేయడం వేరు, ప్రతి వారం అమ్ముకోవడం వేరు.

మస్జిదులో రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉండడం దైవప్రవక్త (స) చూశారు. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసిపోయినప్పుడు దాన్ని పట్టుకుని నిలబడతారని తెలిసి, ఆ తాడు విప్పించారు. ఉత్సాహం ఉన్నంతసేపు నిలబడాలని, అలసినప్పుడు కూర్చోవాలని బోధించారు (బుఖారీ, ముస్లిం). నఫిల్ నమాజులోనే తాడు పట్టుకుని దేహాన్ని నిలబెట్టడం ఆయనకు నచ్చలేదు. మరి చాయ్ మీద చాయ్ తాగి, జర్దా నమిలి, తూగుతూ డంపర్ నడపడం ఎలా నచ్చుతుంది? అక్కడ తూలిపడేది ఒక్క మనిషి కాదు. పక్కనున్న నలుగురి ప్రాణాలూ మన కంటిరెప్ప మీదే ఉంటాయి.

మరి నమాజు సంగతి? నైట్ షిఫ్టువాడికి ఫజ్ర్ వేళ పనిచోటే వస్తుంది. భూమి అంతా నమాజు స్థలమేనని ప్రవక్త (స) తెలిపారు కాబట్టి, భద్రమైన, శుభ్రమైన చోటు చూసుకుని చేసుకోవచ్చు. పగటి నిద్ర మధ్యలో జొహ్ర్ వేళకు ఇంట్లోవాళ్ళు లేపితే, లేచి నమాజు చేసి మళ్ళీ పడుకోవచ్చు. ఇలా ప్రభువు హక్కు, దేహం హక్కు రెండూ నెరవేరతాయి.

పని వేరు, వ్యాయామం వేరు

“బావిలో పని చేసేవాడికి వ్యాయామం ఎందుకు?” అని కొందరు నవ్వుతారు. తట్ట, చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన పాత తరం విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లేది. ఇప్పుడు చాలా పని యంత్రాల మీద జరుగుతోంది. ఓపెన్‌కాస్టులో డంపర్, షవల్ ఆపరేటర్లు గంటల తరబడి కూర్చునే పని చేస్తారు. కుదుపులకు నడుం పట్టేస్తుంది, పొట్ట పెరుగుతుంది. బరువులెత్తే పనివాడికి కూడా పని ఒకే కండరాన్ని అరగదీస్తుంది తప్ప గుండెకు, శ్వాసకు కావలసినంత మేలు చేయదు.

బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసికన్నా అల్లాహ్‌కు ప్రియమైనవాడని, అయినా ఇద్దరిలోనూ మేలు ఉందని ప్రవక్త (స) సెలవిచ్చారు (ముస్లిం). ఆయన స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు (అబూ దావూద్). వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మస్జిదుకు బండి మీద కాకుండా నడిచి వెళితే సగం అక్కడే పూర్తవుతుంది. ఒక్కో అడుగుకూ పుణ్యం అదనం. ఎండలు నలభై అయిదు డిగ్రీలు దాటే ఊరు మనది కాబట్టి వేసవిలో ఫజ్ర్ తర్వాతి వేళే మేలు.

నోట్లోకి పోయేది, ఊపిరిలోకి పోయేది

మనిషి నింపే పాత్రల్లో కడుపుకన్నా చెడ్డది లేదని, తప్పనిసరైతే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచుకోవాలని ప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). దావత్‌లలో మన ప్లేట్లు ఈ బోధనకు ఎంత దూరంలో ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

బొగ్గు బావుల్లో బీడీ, అగ్గిపెట్టె నిషేధం. గ్యాసుకు నిప్పంటుకుంటే వందల ప్రాణాలు పోతాయి కనుక ఆ కట్టడి. దానికి బదులుగా గుట్కా, ఖైనీ, అంబర్ బుగ్గన పెట్టుకునే అలవాటు పాకింది. బావిని కాపాడడానికి నిప్పు మానినవాడు నోటి క్యాన్సర్‌కు తలుపు తీయడం ఏం తెలివి? ఇక “మందు తాగితే లోపలి బొగ్గు ధూళి కడుక్కుపోతుంది” అనే మాట కోల్‌బెల్టులో వినబడుతుంటుంది. ఇది పచ్చి అబద్ధం. తాగింది కడుపులోకి పోతుంది. ధూళి ఉండేది ఊపిరితిత్తుల్లో. సారాయి అక్కడికి చేరదు, చేరేది కాలేయానికి. పైగా అది హరామ్. ధూళి నుంచి కాపాడేది నీళ్ళు చల్లి ధూళిని అణచడం, మాస్కు, వైద్య పరీక్ష. మిమ్మల్ని మీరు మీ చేతులారా వినాశంలో పడవేసుకోవద్దన్న దైవాజ్ఞ (అల్ బఖరహ్: 195) ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మనసు హక్కు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఇటువంటివి విన్న ఊళ్ళలో షిఫ్టు ముగిసే వేళ దాటినా ఇంటాయన రాకపోతే భార్య గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ ఇళ్ళకే తెలుసు. భయపడడం విశ్వాస లోపం కాదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలని ప్రవక్త (స) నేర్పారు (తిర్మిజీ). రక్షణ సూత్రాలు పాటించడం తాడు కట్టడం. దుఆ చేసి దిగడం తవక్కుల్.

దుఃఖం కూడా అంతే. కుమారుడు యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి దుఃఖించి ప్రవక్త యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ తెలియజేస్తోంది (యూసుఫ్: 84). పసి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు మన ప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. అందుచేత మనసు కుంగిన సోదరుణ్ణి “నీకు ఈమాన్ తక్కువ” అని గాయపరచకండి. అల్లాహ్ స్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయి (అర్ రాద్: 28). దానితోపాటు వైద్యం కూడా చేయించాలి. వ్యాధి ఇచ్చినవాడే మందునూ పంపాడని ప్రవక్త (స) తెలిపారు. మనోవ్యాధి కూడా వ్యాధే. నిద్ర రాక, దేనిమీదా ఆసక్తి లేక, బతుకు మీద విరక్తి కలుగుతుంటే దాచుకోకుండా డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన కాలనీల్లో మనసును నలిపే మరో రాయి అప్పు. పెళ్ళికి, బండికి, ఫంక్షన్‌కు వడ్డీకి తెచ్చి, జీతం రాకముందే ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి చేతిలో పెట్టినవాడికి ఏ పరుపు మీద నిద్ర పడుతుంది? ప్రవక్త (స) చింత, దుఃఖం, అశక్తత, సోమరితనంతో పాటు అప్పుల భారం నుంచి కూడా అల్లాహ్ శరణు కోరేవారు (బుఖారీ). వడ్డీ పరలోకాన్ని పాడుచేయడమే కాక ఇహలోకపు నిద్రనూ పాడుచేస్తుంది. నికాహ్‌ను సాదాగా చేయడం కూడా ఒక ఆరోగ్య సూత్రమే.

రోగాన్ని దాచడం, రోగాన్ని నటించడం

గని కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరగాలని చట్టం చెబుతోంది. దాన్ని తప్పించుకోవడం, దగ్గు, ఆయాసం డాక్టరుకు చెప్పకుండా మస్టర్ల కోసం దాచడం అమానతుకు ద్రోహం.

దీనికి వ్యతిరేకమైన పాపం ఇంకొకటుంది. కార్మికుడు పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చితే వారసుడికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం దొరుకుతుంది. నిజంగా ఆరోగ్యం చెడినవాడికి అది న్యాయమైన ఆసరా. కాని ఆరోగ్యంగా ఉన్నవాడు కొడుకు ఉద్యోగం కోసం లంచమిచ్చి రోగినని రాయించుకుంటే? అల్లాహ్ ఇచ్చిన స్వస్థతను లేదని సాక్ష్యం చెప్పినట్లు. లంచం వేరొక పాపం. నిజమైన రోగి వాటా కాజేయడం ఇంకొకటి. ఆ పునాది మీద కొడుకు నెల నెలా తెచ్చే జీతంలో బర్కత్ ఎక్కడిది? బిడ్డ భవిష్యత్తు గురించి తండ్రి పడే ఆరాటం అర్థం చేసుకోదగినదే. అయితే హరామ్ మెట్టు మీదుగా ఎక్కించిన బిడ్డను మనం ఎక్కడికి చేర్చినట్లు?

ఇంటివారి హక్కు

సల్మాన్ (రజి) ఆ ఇంట్లో మొదట గమనించింది ఇల్లాలినే. మన ఇళ్ళల్లో మొదటి షిఫ్టుకు డబ్బా కట్టడానికి తెల్లవారుజామున లేచేది ఆమె. రెండో షిఫ్టు నుంచి వచ్చేవాడి కోసం అర్ధరాత్రి అన్నం వేడి చేసేదీ ఆమే. ఆమె నిద్రను ఎవరూ లెక్కపెట్టరు. ఆమె నడుం నొప్పి, రక్తహీనత “మామూలే” అయిపోతాయి. ప్రవక్త (స) ఇంటి పనుల్లో ఇంటివారికి సాయపడేవారని ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). వారంలో కొన్ని పూటలైనా ఆమెను పడుకోనిచ్చి మన డబ్బా మనం కట్టుకుంటే, సున్నత్ పాటించినట్లూ అవుతుంది, ఆమె హక్కు చెల్లించినట్లూ అవుతుంది.

సోదరులారా! ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని ప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). ఈ రాత్రి పడుకునే ముందు ప్రతి ఒక్కరూ ఒక లెక్క వేసుకోండి: ఈ రోజు నా ప్రభువుకు ఎంత ఇచ్చాను, నా దేహానికి ఎంత ఇచ్చాను, నా ఇంటివారికి ఎంత ఇచ్చాను? ఎవరి వాటా తగ్గిందో రేపు దాన్ని సరిచేయండి. ఈ చిన్న లెక్క ఇక్కడే సరిచూసుకుంటే, అక్కడి పెద్ద లెక్క తేలికవుతుంది.

ఓ అల్లాహ్! మా దేహాలకు, మా చూపుకు, మా వినికిడికి స్వస్థత ప్రసాదించు. భూమి లోపలికి దిగే మా సోదరులను క్షేమంగా ఇళ్ళకు చేర్చు. మా హృదయాల చింతలు తొలగించు, అప్పుల నుంచి విముక్తి కలిగించు. నీవిచ్చిన అమానతును నీకు నచ్చే స్థితిలో తిరిగి అప్పగించే భాగ్యం మాకు కలుగజేయి. ఆమీన్.