అడుగుతో మొదలయ్యే చదువు

నాట్యం ఏదైనా, దాని చదువు మొదలయ్యేది అడుగుతోనే. కూచిపూడి తరగతిలో పిల్లలైనా పెద్దలైనా ముందు భూమాతకు నమస్కరిస్తారు. ఆపైన అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచి, గురువు కర్రతో తట్టే తాళానికి పాదం కలుపుతారు. ఒకే అడుగును మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో సాధన చేస్తారు. చేతికి తొలి ముద్ర పతాకం: వేళ్లు చాచి కలిపి, బొటనవేలు మడవాలి. ఆ ఒక్క ముద్రే సందర్భాన్ని బట్టి మేఘం, అడవి, నది అవుతుంది.

ఒకప్పుడు కృష్ణా జిల్లా కూచిపూడిలో స్త్రీ పాత్రలనూ పురుషులే ధరించేవారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలకు ఈ విద్య నేర్పారు. ఇత్తడి పళ్లెం అంచులపై నిలిచి ఆడే తరంగం కూచిపూడి ప్రత్యేకత.

మరో నాట్యం పేరిణి, వీరావేశంతో సాగే తాండవం. 13వ శతాబ్దపు జాయప సేనాని రచన నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగా నటరాజ రామకృష్ణ దానికి మళ్లీ ప్రాణం పోశారు. భరతనాట్యంలోనూ అడుగులే పునాది.

పిల్లల ఒళ్లు తేలిగ్గా వంగుతుంది. పెద్దలకు మోకాళ్లు అలవాటుపడే వ్యవధి కావాలి. భావం మాత్రం జీవితం చూసినవారి ముఖంలో త్వరగా పండుతుంది. అందుకే నాట్యం నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు. తొలి అడుగు ఈ రోజే వేయండి.