చెరను ఎరిగిన మంత్రి

తన దాకా వస్తే గాని తెలియదని మన పెద్దలు అంటారు. ఆ మాటలో ఒక ఆశ కూడా దాగి ఉన్నది. నొప్పి ఎరిగినవాడు ఇతరులను నొప్పించడని ఆ ఆశ. అది ఎంతవరకు నిజం? మనం నివసిస్తున్న ఈ బ్రిటన్‌లో ఒకప్పుడు కారాగారాల భారం వహించిన ఒక మంత్రి జీవితం ఈ ప్రశ్నను మన ముందు ఉంచుతున్నది. ఆయన విన్‌స్టన్ చర్చిల్.

చర్చిల్‌ను యుద్ధకాలపు ప్రధానమంత్రిగా మన పిల్లలు పాఠశాలలో చదువుకుంటారు. ఆయన ఒకనాడు బందీ అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1899లో బోయర్ యుద్ధ వార్తలు రాయడానికి ఆయన దక్షిణాఫ్రికా వెళ్లారు. నవంబరు 15న ఆయన ప్రయాణిస్తున్న సాయుధ రైలుపై దాడి జరిగింది. ప్రత్యర్థులు ఆయనను పట్టుకొని ప్రిటోరియా నగరంలోని ఒక పాఠశాల భవనంలో బంధించారు. ఇరవై అయిదవ పుట్టినరోజు ఆ చెరలోనే గడిచింది. డిసెంబరు 12 రాత్రి ఆయన గోడ దాటి తప్పించుకున్నారు. నిండా నెల రోజులైనా లేని ఆ బంధనాన్ని ఎంతగా ద్వేషించారో తరువాత తన స్వీయచరిత్రలో రాసుకున్నారు.

1910 ఫిబ్రవరిలో ఆయన హోం మంత్రి అయ్యారు. అప్పట్లో కారాగారాలు ఆ శాఖ కిందనే ఉండేవి. ఆ నెలలోనే జాన్ గాల్స్‌వర్దీ రచించిన ‘జస్టిస్’ అనే నాటకాన్ని ఆయన చూశారు. ఏకాంత ఖైదు ఒక గుమాస్తాను ఎట్లా కుంగదీసిందో ఆ నాటకం చూపుతుంది. మంత్రిగా చర్చిల్ ఏకాంత ఖైదు కాలాన్ని తగ్గించారు. ఖైదీలకు పుస్తకాలు, ఉపన్యాసాలు అందేటట్లు చూశారు. జరిమానా చెల్లించలేక జైలుకు వెళ్లే పేదల విషయంలో ఆయనకు ప్రత్యేకమైన ఆవేదన ఉండేది. ఒకే తప్పుకు ధనవంతుడు డబ్బు కట్టి ఇంటికి వెళ్లడం, పేదవాడు చెరసాలకు వెళ్లడం న్యాయం కాదని ఆయన భావించారు. జరిమానా చెల్లించడానికి గడువు ఇవ్వాలన్న ఆలోచన 1914లో చట్టమైంది. అప్పటికి ఆయన ఆ పదవిలో లేరు. నేరస్థులతో ఒక దేశం ఎట్లా వ్యవహరిస్తుందన్నదే దాని నాగరికతకు గీటురాయి అని 1910 జూలై 20న పార్లమెంటులో ఆయన చెప్పిన అభిప్రాయాన్ని ఇప్పటికీ స్మరిస్తారు.

ఇక్కడితో కథ ముగిస్తే మన సామెతలోని ఆశ నిజమైనట్లే. కాని ముగియలేదు. ఆ సంవత్సరమే నవంబరు 18న ఓటు హక్కు కోరుతూ పార్లమెంటు వద్దకు వచ్చిన స్త్రీలపై పోలీసులు దౌర్జన్యం చేశారు. బహిరంగ విచారణ జరపాలని కోరగా హోం మంత్రి చర్చిల్ నిరాకరించారు. 1942 ఆగస్టులో ఆయన ప్రధానమంత్రిగా ఉండగా మన స్వాతంత్ర్య నాయకులను విచారణ లేకుండానే నిర్బంధించారు. మన మచిలీపట్నం వైద్యుడు, ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అహమద్‌నగర్ కోటలో సుమారు మూడేళ్లు గడిపారు. పుణెలోని ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండగానే 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా గాంధీ కన్నుమూశారు.

అది యుద్ధకాలమనీ, జపాను సేనలు బర్మా వరకు వచ్చాయనీ, రాజ్యాన్ని కాపాడుకోవడం పాలకుని ధర్మమనీ ఎవరైనా అనవచ్చు. ఆ వాదాన్ని మనం తేలికగా తోసివేయరాదు. అయినా ఒక సందేహం మిగులుతుంది. నాలుగు వారాల చెరను జీవితాంతం మరువని మనిషికి మూడేళ్ల చెర ఎందుకు చిన్నదిగా కనిపించింది?

మాకు తోచిన సమాధానం ఇది. అనుభవం మనకు నొప్పిని నేర్పుతుంది, కాని ఎవరి నొప్పిని గుర్తించాలో నేర్పదు. ప్రిటోరియా బందీకి లండన్ ఖైదీలో తన ముఖం కనిపించింది. అహమద్‌నగర్ బందీలో కనిపించలేదు. సానుభూతి సహజంగానే తనవారి వద్ద ఆగిపోతుంది. దానిని ఆ గీత దాటించేదే ధర్మం. ఇతరులు చేస్తే మనకు బాధ కలిగించే పనిని మనం ఇతరులకు చేయరాదని తిక్కన భారతంలో బోధించినప్పుడు, ఆ ఇతరులు మనవారై ఉండాలనే నియమం పెట్టలేదు.

ఈ పరీక్ష మంత్రులకు మాత్రమే కాదు. మన ఊరి కుర్రవాడు ఎవరైనా ఈ దేశంలో నిర్బంధంలో ఉన్నాడని వింటే “అయ్యో పాపం, ఏ పరిస్థితిలో చేశాడో” అంటాం. మరొక దేశపు, మరొక మతపు వాడని వింటే “తగిన శాస్తి జరిగింది” అంటాం. రెండు మాటలూ ఒకే భోజనాల బల్ల దగ్గర, ఒకే పిల్లల ఎదుట అంటాం. గోల్కొండ చెరలో రామదాసు పడిన బాధలు విని కన్నీరు పెట్టుకునే మనమే ఆ తేడాను గమనించం.

నేరానికి శిక్ష వద్దని మేము అనడం లేదు. శిక్ష పడినవాడు కూడా మనవంటి మనిషేనన్న ఎరుక పోగొట్టుకోవద్దని అంటున్నాం. తన దాకా రాకముందే తెలుసుకోవడానికే కదా మనకు పురాణాలు, చదువులు, పెద్దల మాటలు. రామదాసు కథ చెప్పిన రాత్రి మన పిల్లవాడు “ఇప్పుడు జైళ్లలో ఎవరున్నారు?” అని అడిగితే ఆ ప్రశ్నను దాటవేయకుండా వానితో కూర్చుని మాట్లాడుదాం.