తెరపై కానరాని పడవ

గుండ్లకమ్మ నీరు తుదకు బంగాళాఖాతముననే కలియుచున్నను, నూజెండ్ల మెట్టపొలములకును ఓడలకును నిన్నమొన్నటివరకు చుట్టరికము లేదు. నేడన్ననో, కల్లమున మిరపకాయ ఎండబోసి నీడపట్టున కూర్చున్న కుఱ్ఱవాడు చేతిలోని ఫోను తెరచి, విశాఖ రేవు వెలుపల లంగరు వేసి వంతుకై కాచుకొనియున్న ఓడల పేర్లను వరుసగా చదువగలడు. ఆ వేడుకకును, ఓడ నడుపువాని యెదుటనుండు చార్ట్‌ప్లాటరు తెరకును మూలమొక్కటియే. దానిని ఏఐఎస్ అందురు. సముద్రపటము పరచిన ఆ తెర నడుమ తన ఓడ యుండగా, చుట్టుప్రక్కల ఓడలు చిన్న త్రికోణములై కదలుచుండును. ఒక త్రికోణమును తాకినచో దాని పేరు, తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య (మన దేశపు ఓడదైనచో అది 419తో మొదలగును), వేగము, దిశ, పోవు రేవు, ఇట్లే సాగినచో అది మనకు ఎంత చేరువకు, ఎన్ని నిమిషములలో వచ్చునను లెక్కయు కనబడును.

కనబడునంటిని గాని, ఇందు కన్ను చేయు పని తక్కువ, చెవి చేయు పని యెక్కువ. ఏఐఎస్ యంత్రము గల ప్రతి పెద్ద యోడయు జీపీఎస్ తెలిపిన తన స్థానమును వీహెచ్ఎఫ్ రేడియోపై, నడచునప్పుడు రెండు మొదలు పది సెకండ్లకొకసారి, లంగరుపై నున్నప్పుడు మూడు నిమిషములకొకసారి చాటుచుండును. విన్న యంత్రము త్రికోణమును గీయును. రాడారు తీరు వేరు. అది తన తరంగమును పంపి, తగిలి తిరిగివచ్చినదానిని చూపును. ఎదుటివాడు పలికినను పలుకకున్నను దానికి నిమిత్తము లేదు. మన తార్కికుల లెక్కలో రాడారు ప్రత్యక్షమునకు చేరువ, ఏఐఎస్ శబ్దప్రమాణము. తర్కసంగ్రహము రచించిన ఆంధ్రుడు అన్నంభట్టు, శబ్దము ప్రమాణమగుటకు పలుకువాడు ఆప్తుడై, ఉన్నదున్నట్లు చెప్పువాడై యుండవలెనన్నాడు. ఓడ ఆప్తురాలా? స్థానమును జీపీఎస్ అందించును గాని, పోవు రేవు పేరును మనుష్యుడే కొట్టవలెను; గడచిన ప్రయాణపు పేరును మార్చ మరచి తిరుగు ఓడలు కలవు. ఆ జీపీఎస్ సంకేతమునే దొంగసంకేతముతో ఏమార్చు కాలము కూడ వచ్చినది. ప్రమేయములను ప్రమాణము స్థాపించునన్నచో ఆ ప్రమాణమును స్థాపించునదేదియని విగ్రహవ్యావర్తనియందు నాగార్జునుడు నిలదీసెను. ఆయన పేరు మోయు కొండకు మాచర్ల మీదుగా పోయి, నేటికిని లాంచీ యెక్కియే చేరవలెను గనుక, పల్నాటివారికి ఆ ప్రశ్న పరాయిది కారాదు.

అయినను చెప్పిన మాట తప్పగుట చిన్న చిక్కు. పెద్ద చిక్కు మాటయే లేనిచోట నున్నది. తెర ఖాళీగా నున్నది. కావున సముద్రము ఖాళీ యనవచ్చునా?

లేమిని తెలిసికొనుట యెట్లన్నది మన దర్శనములలో పాత తగవు. కుమారిలభట్టు ననుసరించిన మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి (కానరామి) యను ఆరవ ప్రమాణము నంగీకరించిరి, ప్రాభాకరులు కాదనిరి, నైయాయికులు దానిని ప్రత్యక్షముననే ఇముడ్చుకొనిరి. భాట్టులును నైయాయికులును తక్కినదానియందెంత కలహించినను ఒక్క నియమమునకు మాత్రము తలయొగ్గిరి: ఉండియుండినచో తప్పక కనబడదగిన వస్తువు కనబడనప్పుడే అది లేదనుట చెల్లును. దీపమున్న గదిలో నేలపై కుండ కానరాకున్న, కుండ లేదు. చీకటిగదిలో కానరాకున్న ఏమియు తేలదు. దీపమున్న గదిలోనైనను, పిశాచము కానరాలేదు గనుక లేదనుట కుదరదు. అది కంటికి కనబడదగిన వస్తువు కాదు.

ఈ నియమమును తెరకు పట్టించి చూతము. అంతర్జాతీయ యానము చేయు ఓడలలో 300 గ్రాస్ టన్నులును అంతకు మించినవియునగు వానికెల్ల 2004 సంవత్సరాంతమునకు ఏఐఎస్ విధాయకమైనది. అట్టి వర్తకపుటోడ రేడియో అందు దూరమున నుండియు తెరపై లేకపోవుట అరుదు గనుక, దాని లేమి చాలవరకు జ్ఞానమే. నిజాంపట్నము రేవునుండి చీకటితో బయలుదేరు చిన్న ఫైబరు పడవ సంగతి అట్టిది కాదు. దానికి చాటు యంత్రము విధాయకము కాదు. ఫైబరును కొయ్యయు రాడారు తరంగమును గట్టిగా త్రిప్పి పంపవు. ఆ కాస్త చుక్కయు అలల నుండి వచ్చు రొదలో మునిగిపోవును. వల వేసి, ఇంజను ఆపి, టార్చిలైటు ప్రక్కన పెట్టుకొని కునుకు తీయుచున్న మనుష్యులకు ఆ తెరపై చోటే లేదు. ఒక్కటే ఖాళీ తెర, ఒకే క్షణమున, పెద్ద ఓడ లేదనుటకు ప్రమాణము, చిన్న పడవ లేదనుటకు అప్రమాణము. పెద్దలందును మౌనులు గలరు: 2017 జూన్ 17న జపాను తీరమున ఏసీఎక్స్ క్రిస్టల్ అను సరకుటోడతో ఢీకొని ఏడుగురు నావికులను పోగొట్టుకొన్న అమెరికా యుద్ధనౌక ఫిట్జెరాల్డ్ ఏఐఎస్ ప్రసారము చేయుచుండలేదు, ఆ మౌనమును కూడ దర్యాప్తు సంస్థ భద్రతా సమస్యలలో ఒకటిగా ఎత్తిచూపినది. ఓడలు ఢీకొనకుండుటకై 1972లో ఏర్పడిన అంతర్జాతీయ నియమములలో ఏడవది, చాలీచాలని సమాచారముతో, అందును రాడారు సమాచారముతో, ఏ నిశ్చయమునకును రావలదని శాసించుచున్నది. ఏఐఎస్ పుట్టకమునుపే వ్రాసిన ఆ మాట భాట్టమీమాంసకుడెవ్వడో వ్రాసినట్లు నాకు తోచును.

వేయియేండ్ల నాటి నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలి మూడవ స్తబకమున, కనబడదగినదాని కానరామిని గూర్చిన ఆ నియమమునే ఈశ్వరుని పక్షమున ప్రయోగించెను. ఈశ్వరుడు కంటికి యోగ్యుడు కాడు గనుక ఆయన కానరామి దేనిని నిరూపింపదు. అంతటితో ఊరకుండక చార్వాకునిపై ఒక చురక కూడ వేసెను: కానరానిదెల్ల లేనిదేయైనచో, ఇల్లు విడిచి వీధిలోనికి వచ్చిన చార్వాకుడు ఆలుబిడ్డలు లేకపోయిరని గుండెలు బాదుకొనవలసినదే గదా!

ఈ వాదమును దైవసాధకముగా చెప్పి చప్పట్లు కొట్టించుకొను ఉపన్యాసకులను వినియున్నాను. నాకది సమ్మతము కాదు. యోగ్యత లేని కానరామి లేమిని నిరూపింపదు, సరియే. ఉనికిని మాత్రము నిరూపించునా? ఖాళీ తెర వెనుక పడవ ఉండవచ్చుననుట వేరు, ఉన్నదనుట వేరు. ఓడ నడుపువాడు ఆ రెంటి నడుమ కూలబడడు. కిటికీ వద్దకు పోయి బైనాక్యులర్సు ఎత్తును, రాడారు పరిధిని తగ్గించి చూచును, పొగమంచైనచో కూత కూయించి చెవియొగ్గును. పడవ యున్నచో ఏ దీపమున అది కనబడునో అతడు చెప్పగలడు. దైవవాదికిని ఆ భారము కలదు. చిత్తశుద్ధి, ఉపాసన, గురూపదేశము అని మనవారు చెప్పిన దీపములు లేకపోలేదు. కాని అవి వెలిగించియు చూడలేకపోయినవానితో, నీ చిత్తమింకను శుద్ధము కాలేదనుటయే ఎల్లప్పుడును సమాధానమైనచో, అతడు మరల అడుగుటకు దారి యెక్కడిది?

ఉదయనుడు మూడవ స్తబకముననే కలము దింపలేదు. అడ్డు తొలగినంతనే సిద్ధాంతము నిలువదని యెరిగి, ఐదవ స్తబకమున జగత్తు కార్యము గనుక దానికి కర్త యుండవలెననునది మొదలుగా అనుమానములను వరుసగా కట్టెను. నేను ఆ మొదటిదానివద్దనే ఆగితిని: కుమ్మరి సారెపై కుండ లేచుట చూచియే కుండకు కర్త కలడనుచున్నాము, లోకము పుట్టుట ఎవ్వరును చూడలేదు. నైయాయికులు దీనికి చెప్పు సమాధానము కలదు గాని, అది వ్యాప్తి (కార్యమున్నచోట కర్త తప్పక యుండునను నియమము) యెంతవరకు సాగునను మరియొక తగవులోనికి మనలను దింపును.